మైకు ఉన్నది, స్వరమేది?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై మందిరముల తలుపులు మూతపడిన తరువాత, మన పల్లె సంఘములు అనేకం మొట్టమొదటిసారిగా ఆరాధనను రికార్డు చేసి ఇళ్ళకు పంపడం నేర్చుకున్నాయి. తలుపులు తెరుచుకున్నాక కూడా ఆ అలవాటు నిలిచిపోయింది. నిలవడమే మంచిదైంది. మంచం పట్టిన ముసలి తల్లిదండ్రులు, బాలింతలు, కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిలో ఉండి ఆదివారం సెలవు దొరకని మన బిడ్డలు, వీరంతా ఆ రికార్డింగు కోసం ఎదురుచూస్తారు. ఎవరో దయగలవారు ఇచ్చిన ల్యాప్‌టాప్, యౌవనస్థులు తలాకొంత వేసుకొని కొన్న కాలర్ మైకు, ఈ రెండూ ఇప్పుడు చాలా మందిరముల బీరువాలలో కనిపిస్తాయి.

కాని ప్రియ పాఠకులారా, చివరికి ఇళ్ళకు చేరుతున్నదేమిటి? ఫ్యాను గరగర, వెనుక వరుసలో పసివాడి ఏడుపు, బయట రోడ్డు మీద ట్రాక్టరు. వీటన్నిటి అడుగున ఎక్కడో, బావిలోనుండి పలికినట్టు, పాస్టరుగారి మాట. వినేవారు రెండు నిమిషములు చెవి ఒగ్గి విని ఫోను పక్కన పెట్టేస్తారు. రికార్డు చేసినవారు ముందు ల్యాప్‌టాప్‌ను తిడతారు, తరువాత మైకును తిడతారు. కమిటీలో మాట పెట్టి ఇంకా ఖరీదైన మైకు తెస్తారు. అదీ అలాగే పలుకుతుంది. చాలాసార్లు లోపము మైకులో లేదు, ల్యాప్‌టాప్‌లోనూ లేదు. ఆ రెంటి మధ్య ఉండవలసిన వేలెడంత అడాప్టరు తప్పుది అయినా అయి ఉంటుంది, లేదా అసలు లేకనే పోయి ఉంటుంది.

ఇది చిన్న సంగతి గదా, పత్రికలో రాయవలసినంత ఏముంది అని కొందరు అనుకోవచ్చు. మా ప్రాంతములో ఒక సంఘములో జరిగినది చెబుతాను. అక్కడ ఎనభై ఏండ్లు దాటిన ఒక అవ్వ ఉండేది. పాత కీర్తనలు ఆమెకు పుస్తకము అక్కరలేకుండా వచ్చు. పుస్తకములో పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి గాని, ఆమె పాడే వరుసలు ఆ అచ్చులో లేనివి. వాళ్ళ అమ్మ నాట్లు వేస్తూ పాడిన వరుసలవి. ఆ ఊళ్ళో వేరెవ్వరికీ రావు. ఒక వేసవిలో యౌవనస్థులు, ఎంతో మంచి ఉద్దేశముతో, రెండు సాయంత్రములు ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని పాడించి రికార్డు చేశారు. వీడియో కెమెరాకు వాడే కాలర్ మైకును ఆమె చీర కొంగుకు పెట్టి, పిన్నును ల్యాప్‌టాప్ రంధ్రములో గుచ్చారు. తెర మీద ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. అందరూ సంతోషించారు.

వానలు పట్టేసరికి అవ్వ ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమము నాడు ఆ పాటలు వినిపిద్దామని తెరిచారు. టేబుల్ ఫ్యాను, పక్క వాకిట్లో బిందెల చప్పుడు, ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న కుర్రవాడి దగ్గు, ఇవన్నీ స్పష్టముగా ఉన్నాయి. అవ్వ స్వరము దారపు పోగులా ఎక్కడో ఉంది. మైకు రెండు సాయంత్రములూ ఆమె కొంగుకే ఉంది. కాని అది ఒక్క మాట కూడా ల్యాప్‌టాప్‌కు చేరవేయలేదు. తెర మీద ఎగిరిన గీత, ల్యాప్‌టాప్ తన నుదుటి మీద ఉన్న సొంత మైకుతో విన్నదానికి ఎగిరింది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒకసారి అర్థమైతే ఇక మరచిపోరు.

గీతలు లెక్కపెట్టండి

కాలర్ మైకు పిన్నును వెలుతురులో పట్టుకొని చూడండి. సన్నని ఇయర్‌ఫోన్ పిన్నే అది, మందము 3.5 మిల్లీమీటర్లు. షాపులవాళ్ళు ఈపీ పిన్ అంటారు. లోహము మీద అడ్డముగా నల్లని గీతలు ఉంటాయి, కొన్నిటికి తెల్లనివి. అవి అందము కోసం పెట్టినవి కావు. ఒక లోహపు భాగమునుండి మరొక భాగమునకు కరెంటు పాకకుండా వేసిన అడ్డుగోడలు. రెండు గీతలుంటే లోహము మూడు భాగములు. మూడు గీతలుంటే నాలుగు భాగములు. వీడియో కెమెరాకు చేసిన మైకులకు సాధారణముగా రెండు గీతలు, ఫోనుకు చేసినవాటికి మూడు గీతలు ఉంటాయి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ పక్కన చూడండి. పాతవాటికి రెండు వేర్వేరు రంధ్రములు ఉండేవి, మైకుకు గులాబీ రంగు, వినడానికి ఆకుపచ్చ. కొత్తవాటికి చాలామట్టుకు ఒకటే రంధ్రము. పక్కన హెడ్‌ఫోన్ బొమ్మ, కొన్నిటికి దానితోపాటు చిన్న మైకు బొమ్మ ఉంటుంది. ఆ ఒక్క రంధ్రములో నాలుగు స్పర్శ స్థానములు ఉంటాయి. పిన్ను మొన తగిలే చోటు ఎడమ చెవికి, తరువాతది కుడి చెవికి, మూడవది గ్రౌండు, అన్నిటికంటే పైన పిన్ను మొదలు తగిలేది మైకుకు.

రెండు గీతల పిన్నును ఇందులో గుచ్చితే ఏమవుతుంది? దాని మొదటి భాగము పొడుగు. అక్కడ మూడవ గీత లేదు గనుక, లోపలి గ్రౌండు స్థానము, మైకు స్థానము రెండూ ఒకే లోహపు ముక్కను తాకుతాయి. అంటే ల్యాప్‌టాప్ మైకు దారి గ్రౌండుతో కలిసిపోయి మూసుకుపోయింది. మరి మైకులోని స్వరము వచ్చే మొన ఎక్కడ ఆనుకుంది? ఎడమ చెవికి పాట పంపే చోట. ఇటునుంచి మాట, అటునుంచి పాట, ఒకదాని ముఖము ఒకటి చూసుకుంటూ నిలబడ్డాయి. ల్యాప్‌టాప్ దీనిని చూసి, ఎవరో మైకు లేని హెడ్‌ఫోన్ పెట్టారనుకొని, తన సొంత మైకును తెరిచి ఉంచుతుంది. తప్పు జరిగిందని తెర మీద ఒక్క అక్షరము కూడా రాదు.

దీనికి కావలసినది ఒక వై కేబుల్. ఒక వైపు మూడు గీతల పిన్ను, రెండవ వైపు రెండు రంధ్రములు, ఒకదాని మీద మైకు బొమ్మ, ఇంకొకదాని మీద హెడ్‌ఫోన్ బొమ్మ. కెమెరా మైకును మైకు బొమ్మ ఉన్నదానిలో గుచ్చి, పిన్నును ల్యాప్‌టాప్‌లో పెట్టాలి. ధర పెద్దదేమీ కాదు, ఒకటి రెండు వందలలో దొరుకుతుంది. అయితే మొబైల్ షాపులో వై కేబుల్ అని మాత్రమే అడిగితే, ఇద్దరు కలిసి ఒకే ఫోనులో పాటలు వినే కేబుల్ ఇచ్చి పంపుతారు. చూపుకు రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండు రంధ్రముల మీదా హెడ్‌ఫోన్ బొమ్మే ఉంటే, లేక పిన్నుకు రెండే గీతలు ఉంటే అది మనకు పనికిరాదు. మైకును, వీలైతే ల్యాప్‌టాప్‌ను కూడా షాపుకు తీసుకువెళ్ళి అక్కడే పెట్టి చూసుకొని కొనడం మేలు. హైదరాబాదు వెళ్ళేవారెవరైనా ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇలాంటివి అన్ని రకములూ దొరుకుతాయి గాని, ఈ ఒక్క ముక్క కోసం అంత దూరము వెళ్ళవలసిన పని లేదు.

మీ మైకు ఫోనుకు చేసినది, మూడు గీతలది అయితే ఒకే రంధ్రమున్న ల్యాప్‌టాప్‌లో నేరుగా పనిచేస్తుంది. అదే మైకును రెండు రంధ్రముల పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాలంటే, పైన చెప్పినదానికి తలక్రిందులైన కేబుల్ కావాలి, ఒక రంధ్రము, రెండు పిన్నులు. కొన్ని కాలర్ మైకులకు తీగ మధ్యలో చిన్న డబ్బా, దాని మీద ఫోను, కెమెరా అని మార్చే స్విచ్చి ఉంటుంది. ఒక్కోసారి జబ్బంతా ఆ స్విచ్చిలోనే ఉంటుంది. కెమెరా వైపు వాడేటప్పుడు లోపల బొత్తాములాంటి బ్యాటరీ కూడా ఉండాలి.

ఇంకొక తిరకాసు. కొన్ని ల్యాప్‌టాప్‌లు వై కేబుల్‌లో మైకు ఒక్కటే పెడితే గుర్తించవు. రెండవ రంధ్రములో ఏదో ఒక ఇయర్‌ఫోన్ కూడా గుచ్చితే అప్పుడు మేలుకుంటాయి. కొన్ని, పిన్ను పెట్టగానే ఏమి తగిలించారని తెర మీద అడుగుతాయి. అప్పుడు హెడ్‌ఫోన్ అని నొక్కకుండా హెడ్‌సెట్ అని నొక్కాలి.

ప్రసంగ వేదిక మీది మైకు సంగతి

కాలర్ మైకు ఎందుకు, మందిరములో చేతి మైకు ఉంది గదా, దానినే తగిలిద్దాం అని చాలామంది అడుగుతారు. దాని తీగ చివర మూడు పుల్లల గుండ్రని పిన్ను, లేదా వేలెడు పొడుగున్న లావు పిన్ను ఉంటుంది. మూడు పుల్లలదానికి ఎక్స్‌ఎల్‌ఆర్ అని పేరు. అమెరికాలో మొదట తయారుచేసిన కంపెనీ పేరున మన షాపులలో ఇప్పటికీ కానన్ పిన్ అంటారు. లావు పిన్ను 6.3 మిల్లీమీటర్లది, షాపువాళ్ళ భాషలో పి-38. ఇది 19వ శతాబ్దపు టెలిఫోను ఎక్స్ఛేంజీలలో, ఒకరి లైను ఇంకొకరికి కలపడానికి అమ్మాయిలు గుచ్చుతూ తీస్తూ ఉండిన పిన్నుకు వారసురాలే.

ఈ పిన్నులను సన్న పిన్నుగా మార్చే కన్వర్టర్లు చవకగా దొరుకుతాయి. అవి పిన్ను రూపమును మాత్రమే మారుస్తాయి, లోపలి బలమును మార్చవు. చేతి మైకులో అయస్కాంతము మధ్య సన్నని తీగ చుట్ట కదిలి కరెంటు పుడుతుంది. దగ్గరగా మాట్లాడినా అది వోల్టులో వెయ్యవ వంతులు, ఒకటో రెండో మాత్రమే. దానిని పెంచేది ఆంప్లిఫయరు. కాలర్ మైకు జాతి వేరు. 1962లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు కనిపెట్టిన ఎలక్ట్రెట్ మైకు అది. దాని లోపల స్వరమును పెంచే చిన్న భాగము ఉంటుంది, దానికి కావలసిన రెండు మూడు వోల్టులు ల్యాప్‌టాప్ ఆ రంధ్రములోనుండే ఇస్తుంది. ల్యాప్‌టాప్ ఎదురుచూసేది ఈ జాతి మైకునే. చేతి మైకును కన్వర్టరుతో తగిలిస్తే స్వరము చీమ నడకలా వస్తుంది. సెట్టింగులో పెంచితే స్వరముతోపాటు బుస కూడా పెరుగుతుంది.

కనుక చేతి మైకుకు సరియైన దారి యూఎస్‌బీ ఆడియో డబ్బా. మైకు డబ్బాలోకి, డబ్బా యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌లోకి. బెహ్రింగర్ యూఎం2, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో వంటివి ఈ పనికి చేసినవే. స్వరమును పెంచే భాగము, దానిని అంకెలుగా మార్చే భాగము రెండూ డబ్బాలోనే ఉంటాయి గనుక ల్యాప్‌టాప్ రంధ్రము చెడిపోయినా చింత లేదు. వాటి మీద 48 వోల్టులు అని రాసిన స్విచ్చి ఉంటే అది పెద్ద కండెన్సరు మైకుల కోసం; మామూలు చేతి మైకుకు వేయనక్కరలేదు. కాలర్ మైకు మాత్రమే ఉన్నవారికి ఇంత పెద్ద డబ్బా అక్కరలేదు. బొటనవేలంత యూఎస్‌బీ సౌండ్ కార్డు, రెండు రంధ్రములది, కొన్ని వందల రూపాయలలో వస్తుంది. వై కేబుల్ గొడవలన్నీ దానితో తప్పిపోతాయి. నన్నడిగితే పల్లె సంఘమునకు ముందుగా కొనవలసినది ఇదే. టైప్-సీ పిన్ను ఉన్న చిన్న అడాప్టరు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. కొన్నిటిలో చిప్ ఉండదు, వట్టి తీగలే. అవి కొన్ని ఫోన్లలో పనిచేస్తాయి గాని ల్యాప్‌టాప్‌లో పనిచేయవు.

ఇక అసలు ప్రమాదము దగ్గరకు వస్తాను. ఆంప్లిఫయరు నుండి నేరుగా ల్యాప్‌టాప్‌లోకి తీసుకుంటే పాటలు, ప్రసంగము, ప్రార్థన అన్నీ ఒకేసారి వస్తాయి గదా అనే ఆలోచన మంచిదే. అహూజా వంటి ఆంప్లిఫయర్ల వెనుక రెండు రకముల బయటి దారులు ఉంటాయి. లైన్ అవుట్ అని రాసినది ఒక వోల్టు ప్రాంతములో ఉంటుంది. దానిని యూఎస్‌బీ డబ్బాలోని లైన్ రంధ్రమునకు కలపవచ్చు. సన్నని మైకు రంధ్రమునకు కలిపితే స్వరము పగిలిపోతుంది. రెండవది స్పీకరు దారి. హార్న్‌లకు వెళ్ళే ఆ స్క్రూల పక్కన 70 వోల్టులు, 100 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ తీగను ఎట్టి పరిస్థితులలోను ల్యాప్‌టాప్‌కు గాని, ఫోనుకు గాని, యూఎస్‌బీ డబ్బాకు గాని కలపకూడదు. క్షణములో కాలిపోతుంది, చేయి తగిలినవారికీ దెబ్బే. పండుగ ముందు రాత్రి హడావుడిలో పిల్లలు చేసే పని ఇదే. ఆంప్లిఫయరు వెనుక ఆ స్క్రూల దగ్గర ఎర్ర టేపు అంటించి ఉంచండి.

రెండు యంత్రములు కలిపినప్పుడు తుమ్మెద రొదలా ఒక శబ్దము వస్తుంది. అది మన ఇళ్ళలోని 50 హెర్ట్జ్ కరెంటు శబ్దము. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, సగము సందర్భములలో అంతటితో పోతుంది. పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న ముక్కను ఆంప్లిఫయరుకూ డబ్బాకూ మధ్య తీగలో పెట్టాలి. అంతేగాని రొద పోతుందని ప్లగ్గులోని ఎర్త్ పుల్లను విరవడం, దాని తీగను కత్తిరించడం చేయవద్దు. కొందరు ఎలక్ట్రీషియన్లే ఈ సలహా ఇస్తారు. ఎర్త్ తీసేసిన ఆంప్లిఫయరుకు లోపల ఏదైనా తీగ ఊడి డబ్బాకు తగిలితే, ఇనుప మైకు పట్టుకొని తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడిన మనిషి గుండా ఆ కరెంటు నేలకు దిగుతుంది. మైకు పెదవికి తగిలినప్పుడు జుమ్మంటోంది అని ఎవరైనా చెప్పితే, ఆ ఆదివారము మైకు లేకుండానే ఆరాధన జరిపించండి. సోమవారం ఎర్త్ చూపించండి.

గోటితో గీకి చూడండి

అన్నీ తగిలించాక విండోస్ సెట్టింగులలో సిస్టమ్, అందులో సౌండ్, అందులో ఇన్‌పుట్ దగ్గరకు వెళ్ళి మీ మైకు పేరునో, యూఎస్‌బీ అన్న పేరునో ఎంచుకోండి. పేరు కనబడినంత మాత్రాన నమ్మకండి. రికార్డింగు మొదలుపెట్టి, కాలర్ మైకు మీది స్పాంజిని గోటితో నెమ్మదిగా గీకండి. పది అంకెలు లెక్కపెట్టి, తరువాత ల్యాప్‌టాప్ తెర పైఅంచును అలాగే గీకండి. ఆపి వినండి. మొదటి గీకుడు పెద్దగా, రెండవది సన్నగా వినిపిస్తే మైకు పనిచేస్తున్నట్టు. రెండవది పెద్దగా వినిపిస్తే ఆ అవ్వ అరుగు మీద జరిగినదే మీకూ జరగబోతోంది. ఈ పరీక్షకు ఒక్క నిమిషము చాలు. ముసలివారిని పాడించి, సాక్ష్యము చెప్పించి రికార్డు చేసే ప్రతిసారీ, వారు పెదవి విప్పక ముందే చేయండి. నిన్న పనిచేసింది గదా అని వదిలివేయవద్దు. ల్యాప్‌టాప్ ఆపి తిరిగి వేసేసరికి దాని మనసు మారిపోతూ ఉంటుంది.

మైకు గడ్డము కింద జానెడు దూరములో ఉండాలి. దూరము రెట్టింపయిన కొద్దీ స్వరము 6 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, ఫ్యాను శబ్దము మాత్రము తగ్గదు. పట్టుచీర జరీ, మంగళసూత్రము, కండువా మైకుకు రాసుకోకుండా చూడండి. 2000 సంవత్సరములో మొదట విడుదలైన ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము రికార్డింగుకు సరిపోతుంది. అందులో గట్టిగా పలికినప్పుడు గీత మైనస్ 12 దగ్గర ఆగేట్లు ఉంచితే, పాస్టరుగారు ఆవేశములో గొంతు పెంచినా పగలదు. తక్కువగా వచ్చినదానిని తరువాత పెంచుకోవచ్చు, పగిలినదానిని అతకలేము.

రికార్డయిన ఫైలును మోనోలో ఉంచండి, స్టీరియో అక్కరలేదు. మామూలు వేవ్ ఫైలు గంటకు సుమారు 317 ఎంబీ అవుతుంది. దానిని బీరువాలోని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకెవరి ఇంట్లోనైనా ఒకటి దాచిపెట్టి, ఇళ్ళకు పంపడానికి 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చండి. గంట ప్రసంగము 29 ఎంబీలోపు అయిపోతుంది. సిగ్నలు సరిగా అందని ఊళ్ళో మంచము మీదున్న తాతకైనా, కువైట్‌లో పని ముగించుకొని రాత్రి పదకొండింటికి ఫోను తెరిచే చెల్లెలికైనా అది దిగుతుంది.